మూడు చోట్ల మూడు రీడింగులు: అసలు నమ్మదగ్గ టైర్ గేజ్ ఏది కొనాలి?

స్టెప్నీ_శీను
నాకు పిచ్చెక్కుతోంది, ఎవరైనా చెప్పండి. మా కారు డోర్ దగ్గర స్టిక్కర్ మీద నాలుగు టైర్లకీ 33 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) అని ఉంది. మొన్న రాత్రి ఆఫీసు నుంచి వస్తూ బంకులో ఆటోమేటిక్ మిషన్ దగ్గర 33 సెట్ చేయించా, కూత కూడా వేసింది, హాయిగా ఇంటికొచ్చా. పొద్దున్నే లేచి ఆన్‌లైన్‌లో కొన్న చిన్న పంపు తగిలిస్తే 29 చూపించింది. ఓహో బంకువాడు మోసం చేశాడు అనుకుని ఆ పంపుతోనే 33 దాకా కొట్టా. ఆరు కిలోమీటర్లు వెళ్లాక అనుమానం వచ్చి పంక్చర్ షాపులో చెక్ చేయిస్తే ఆయన పెన్సిల్ గేజ్‌లో (పెన్నులా సన్నగా ఉండేది) 39! "ఏంటి బాబూ టైర్లు పేల్చుకుంటావా" అని నన్నే తిట్టి గాలి తీసేశాడు. ఇప్పుడు టైర్లో ఎంత ఉందో ఆ దేవుడికే తెలియాలి. వెయ్యి రూపాయల లోపు ఒక కరెక్టు గేజ్ చెప్పండి, డిజిటలా, ముల్లుదా, పెన్సిలా, ఏదైనా పర్లేదు. బంకు మిషన్లు మాత్రం దండగ అని తేలిపోయింది.

బెజవాడ_బుల్లెట్
బంకులో గాలి ఫ్రీ బ్రో, ఫ్రీగా వచ్చేదానికి కరెక్టు రీడింగ్ కూడా కావాలా 😂

గ్యారేజ్_గని
డిజిటల్ తీసుకో, పని అయిపోద్ది. 30.5 అని పాయింటుతో సహా చూపిస్తుంది, ముల్లుదైతే పక్కనుంచి చూస్తే ఒకటి, ఎదురుగా చూస్తే ఒకటి.

రిటైర్డ్_ముల్లు
గని గారూ, పాయింటు చూపించినంత మాత్రాన కరెక్టు అయిపోదండీ. గోడ గడియారం పది నిమిషాలు వెనక నడుస్తూ సెకన్లు కూడా చూపిస్తే ఏం లాభం? 30.5 అని చూపించి అసలు 33 ఉండొచ్చు. నేను ఇన్‌స్ట్రుమెంటేషన్‌లో 31 ఏళ్లు చేశాను, చిన్న అంకెలు చూసి మోసపోయిన వాళ్లని చాలామందిని చూశాను.

శీను గారికి ముందు ఒక ప్రశ్న. బంకుకి వెళ్లేసరికి ఎంత దూరం నడిచింది కారు?

స్టెప్నీ_శీను
ఆఫీసు నుంచి ఒక 18 కిలోమీటర్లు, మధ్యలో ట్రాఫిక్. ఎందుకు మాస్టారూ?

రిటైర్డ్_ముల్లు
అదే చెప్పబోతున్నా. స్టిక్కర్ మీద ఉండే 33 చల్లటి టైరుకి. అంటే బండి కనీసం మూడు గంటలు ఆగి ఉండాలి, లేదా ఒకటి రెండు కిలోమీటర్ల కంటే ఎక్కువ నడిచి ఉండకూడదు. టైరు వేడెక్కితే లోపల గాలీ వేడెక్కుతుంది, మీ కారు లాంటిదానికి సుమారు ప్రతి ఆరు డిగ్రీలకీ ఒక పీఎస్ఐ పెరుగుతుంది. మీరు రాత్రి వేడి మీద 33 పెట్టించారు, తెల్లారేసరికి చల్లారి అది 31 అయి ఉండొచ్చు. బంకువాడు మోసం చేయకుండానే. ఇంక మిగిలింది 31కీ మీ పంపు చూపించిన 29కీ తేడా, అది ఎవరి తప్పో తేల్చాలి.

తర్వాత మీరు పంపు మాట నమ్మి ఇంకో నాలుగు కొట్టారు, ఆరు కిలోమీటర్లు నడిపారు, మళ్లీ వేడెక్కింది, షాపులో 39 వచ్చింది. ఇందులో టైరు తప్పెంత, గేజుల తప్పెంత అన్నది విడదీయకుండా కొత్త గేజ్ కొంటే నాలుగో రీడింగ్ వస్తుంది అంతే.

బెజవాడ_బుల్లెట్
నాలుగో రీడింగ్ 😂😂 శీనూ, ఐదో గేజ్ కూడా కొనుక్కుని అన్నీ కలిపి సగటు తియ్

కరీంనగర్_కుర్రోడు
అన్నా నాకు గూడ గిట్లనే అయింది. పంపు నడుస్తున్నప్పుడు 35 సూపిస్తది, బంద్ చేయంగనే 33కి వస్తది. పంపు ఖరాబ్ అనుకొని రిటర్న్ పెట్టిన, కొత్తది పంపిండ్రు, అది గూడ గట్లనే.

రిటైర్డ్_ముల్లు
అది ఖరాబు కాదు బాబూ. పంపు నడిచేటప్పుడు గేజ్ చూసేది గొట్టంలో ఒత్తిడిని, టైరులో కాదు. గాలి సన్నటి వాల్వ్ గుండా తోసుకుని వెళ్లాలి కదా, గొట్టంలో ఎక్కువే ఉంటుంది. ఆపి ఒక క్షణం ఆగాక చూడాలి.

కరీంనగర్_కుర్రోడు
అరె, ఉత్తగనే రిటర్న్ పెట్టిన గదా అయితే 🤦

లారీ_రాయుడు
ఇదంతా ఏందప్పా. మా డ్రైవరు రాడ్డుతో ఒక దెబ్బ కొడతాడు, ఆ శబ్దం వింటే ఎంత ఉందో చెప్పేస్తాడు. ఇరవై ఏళ్లుగా గేజ్ ముట్టలేదు.

గ్యారేజ్_గని
శబ్దాన్ని బట్టి పూర్తిగా దిగిపోయిన టైరు తెలుస్తుంది రాయుడన్నా, 110కీ 95కీ తేడా తెలియదు. జంట టైర్లలో లోపలిది 15 తక్కువ ఉందనుకో, బయటది మొత్తం బరువు మోస్తూ ఉంటుంది. మా గ్యారేజీకి వచ్చే లారీల్లో ఎక్కువ పేలేవి అవే.

లారీ_రాయుడు
అది నిజమే లే. లోపలి దాని వాల్వ్ అందక చూసేవాడే ఉండడు. రెండు మూతుల పొడుగు గేజ్ ఒకటి ఉంది, దాంతో అందుతుంది, కానీ ఎవడు వంగుతాడు.

యాక్టివా_అక్క
స్కూటీ వాళ్ల గురించి కూడా చెప్పండి కాస్త. నా దగ్గర ఉన్న గేజ్ మూతి వెనక చక్రానికి పట్టదు, సైలెన్సర్ ఒకవైపు, రిమ్ము ఒకవైపు, దూర్చేలోపు ఉస్స్ మని సగం గాలి పోతుంది. చూసిన ప్రతిసారీ గాలి కొట్టించుకోవాల్సి వస్తోంది, ఇదెక్కడి గోల.

బెజవాడ_బుల్లెట్
అక్కా, మూతి వంకరగా ఉన్నదో, సన్న గొట్టం ఉన్నదో తీసుకో. నిటారుగా ఉన్న పెన్సిల్ గేజ్ చిన్న చక్రాలకి అస్సలు కుదరదు. ఇంకోటి, స్కూటీ టైరులో ఉండే గాలే తక్కువ, కారుకి ఒకసారి ఉస్స్ అంటే లెక్కలోకి రాదు, స్కూటీకి ముల్లు కదిలిపోతుంది. చటుక్కున గట్టిగా నొక్కాలి, మెల్లగా పెడితేనే గాలి పోయేది.

నా బుల్లెట్‌కి ముందు చక్రానికి కావాల్సింది కారు కంటే చాలా తక్కువ, కానీ గాలి కొట్టే ప్రతివాడూ అడక్కుండా రెండింటికీ 35 కొట్టేస్తాడు. గుంతలో పడితే వెన్నుపూస లెక్కపెట్టుకోవచ్చు.

యాక్టివా_అక్క
వంకర మూతిది... సరే ఈ ఆదివారం కోఠి వైపు వెళ్తే చూస్తా. థ్యాంక్స్ తమ్ముడూ.

హైటెక్_హరి
ఇదంతా ఎందుకు, టీపీఎమ్ఎస్ పెట్టించుకోండి, టైర్లో గాలి ఎంతుందో కారులోనే చూపించే సిస్టమ్. వాల్వ్ మూతల బదులు సెన్సర్లు, డ్యాష్‌బోర్డ్ మీద స్క్రీను. నేను పెట్టించి ఏడాదైంది, గేజ్ అన్న మాటే మర్చిపోయా.

డాలస్_దొర
హరీ, నీ సెన్సర్లు కరెక్టుగా చూపిస్తున్నాయో లేదో దేనితో చూశావ్? 🙂 ఇక్కడ అమెరికాలో 2008 మోడళ్ల నుంచీ కొత్త కార్లన్నింటికీ టీపీఎమ్ఎస్ తప్పనిసరి. కానీ రూల్ ప్రకారం లైటు వెలగాల్సింది స్టిక్కర్ కంటే 25 శాతం తగ్గినప్పుడు. 33కి లెక్కేసుకో, దాదాపు 25కి పడిపోయేదాకా లైటు వెలగకపోయినా తప్పు కాదు. అంటే 27తో నువ్వు హాయిగా తిరుగుతూ ఉండొచ్చు, అంచులు అరిగిపోతూ ఉంటాయి. చలికాలం మొదటి రోజు పొద్దున మా కమ్యూనిటీ మొత్తానికి లైట్లు వెలుగుతాయి, దీపావళి అయిపోయిన రెండు వారాలకి మళ్లీ దీపావళి.

హైటెక్_హరి
నాది అంకె చూపించే రకం, లైటు ఒక్కటే కాదు. కానీ నిజమే, దేనితోనూ పోల్చి చూడలేదు. 😐

గ్యారేజ్_గని
మూతల సెన్సర్లు ఎండలో ఉన్నవైపు రెండు పీఎస్ఐ ఎక్కువ చూపిస్తాయి అని కంప్లైంట్ చేసేవాళ్లు ఉన్నారు. అది సెన్సర్ తప్పు కాదు, ఎండ పడ్డ టైరులో నిజంగానే ఎక్కువ ఉంటుంది. నీడలో చూడాలి.

నత్రజని_నాగరాజు
నైట్రోజన్ కొట్టిస్తే ఈ వేడికి పెరగడం, చలికి తగ్గడం ఏమీ ఉండదు. నేను పదేళ్లుగా నైట్రోజనే.

రిటైర్డ్_ముల్లు
నాగరాజు గారూ, మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్. పొడిగా ఉన్నంతవరకు రెండూ వేడికి ఒకేలా పెరుగుతాయి. తేడా అంటారా, బంకు కంప్రెసర్ గాలిలో తేమ ఉంటుంది, అది కాస్త ఎక్కువ ఆడిస్తుంది. నైట్రోజన్ కొంచెం నెమ్మదిగా కారుతుంది, ఆ మాట ఒప్పుకుంటాను. పెరగనే పెరగదు అన్నది మాత్రం అమ్మేవాడి మాట.

నత్రజని_నాగరాజు
మీ ఇష్టం సార్. నా టైర్లు మాత్రం చల్లగా ఉంటాయి.

బెజవాడ_బుల్లెట్
ఏసీ కూడా పెట్టించావా టైర్లకి

విశాఖ_వేణు
నాదో డౌటు. డిసెంబర్లో లంబసింగి వెళ్లాం. వైజాగ్‌లో మధ్యాహ్నం కారు నీడలో ఉండగా 33 చూసుకున్నా, మర్నాడు తెల్లారి అక్కడ చూస్తే 31. ఎత్తుకి వెళ్తే బయట గాలి పలచబడి రీడింగ్ పెరగాలి కదా, తగ్గిందేంటి? గేజ్ పోయిందా?

రిటైర్డ్_ముల్లు
గేజ్ పోలేదు, మంచి గేజే మీది. రెండూ జరిగాయి. దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తుకి బయట ఒత్తిడి ఒకటిన్నర పీఎస్ఐ తగ్గుతుంది, ఆ మేరకి గేజ్ ఎక్కువ చూపించాలి. కానీ వైజాగ్‌లో ముప్ఫై డిగ్రీలు, అక్కడ తెల్లవారుజామున ఎనిమిదో పదో అనుకుందాం, ఆ చలికి మూడు పైన పడిపోతుంది. పెరిగింది పోను తగ్గింది రెండు. లెక్క సరిపోయింది.

విశాఖ_వేణు
వామ్మో. పర్ఫెక్ట్ సార్.

స్టెప్నీ_శీను
మాస్టారూ, నా గేజ్ సంగతి మర్చిపోయారు అందరూ 😭 ఏది కొనాలి?

రిటైర్డ్_ముల్లు
చెప్తాను, కొంచెం పెద్దదవుతుంది.

కొనేటప్పుడు ధర కంటే, డిజిటలా ముల్లా అన్నదాని కంటే ముందు స్కేలు ఎంతవరకు ఉందో చూడండి. గేజ్ మీద "2 శాతం" అని రాసి ఉంటే అంత తప్పు చూపించొచ్చని, అది మామూలుగా స్కేలు చివర ఉన్న అంకె మీద 2 శాతం, మీరు చదివిన అంకె మీద కాదు. 150 వరకు ఉన్న గేజ్ అయితే 2 శాతం అంటే 3 పీఎస్ఐ. అదే 60 వరకు ఉన్నదైతే 1.2. ఒకే నాణ్యత, ఒకే ధర, తప్పు మాత్రం సగం కంటే తక్కువ. మీ పంక్చర్ షాపు ఆయన పెన్సిల్ గేజ్ లారీలకీ కార్లకీ ఒక్కటే అయి ఉంటుంది, 33 అన్నది దానికి అడుగు భాగం. కారుకీ బైకుకీ 60 వరకు ఉన్నది చాలు, మీ 33 సరిగ్గా మధ్యలో పడుతుంది, ముల్లు గేజులు మధ్యలోనే బాగా పనిచేస్తాయి.

యూరప్ ప్రమాణం ఈఎన్ 12645 అని ముద్ర ఉంటే మంచిది. అక్కడి లెక్క ప్రకారం 4 బార్ వరకు తప్పు 0.08 బార్ దాటకూడదు, అంటే సుమారు 1.2 పీఎస్ఐ. బార్‌ని 14.5తో గుణిస్తే పీఎస్ఐ వస్తుంది. ముద్ర ఎవడైనా వేసుకోవచ్చు అనుకోండి, అది వేరే సంగతి.

ముల్లుది అయితే లోపల వంకర తిరిగిన ఇత్తడి గొట్టం ఉంటుంది, గాలి వెళ్తే అది విచ్చుకుని ముల్లుని తిప్పుతుంది. 1849లో బూర్డాన్ అనే ఫ్రెంచి ఆయన పేటెంట్ తీసుకున్న పద్ధతి, మా ప్లాంటులో బాయిలర్ల మీద కూడా అదే. దానికి బ్యాటరీ గొడవ లేదు, కానీ ఒకసారి కింద పడిందంటే నమ్మకండి. ముల్లు సున్నాకి వచ్చింది కదా అంటారు, చాలా గేజులకి సున్నా దగ్గర చిన్న పిన్ను అడ్డం ఉంటుంది, ముల్లు దానికి ఆనుకుని అమాయకంగా నిలబడుతుంది. రబ్బరు తొడుగు ఉన్నది తీసుకోండి. డిజిటల్ పడినా తట్టుకుంటుంది, కానీ ఎండలో డ్యాష్‌బోర్డు మీద వదిలేసి బ్యాటరీ నీరసించాక అది చెప్పేది పురాణమే.

ఏది కొన్నా దాన్ని ఒక్కసారి సరిచూసుకోవాలి. మేం ప్లాంటులో డెడ్ వెయిట్ టెస్టర్ అని తూకపు రాళ్లు పెట్టి చూసేవాళ్లం. మీకు అది దొరకదు. ఎన్ఏబీఎల్ (ల్యాబులకి గుర్తింపు ఇచ్చే జాతీయ బోర్డు) గుర్తింపు ఉన్న ల్యాబులు చేస్తాయి గానీ గేజ్ ఖరీదు కంటే వాళ్ల ఫీజు ఎక్కువవుతుంది. మీది అపార్ట్‌మెంటా?

స్టెప్నీ_శీను
అవును, కింద పార్కింగ్, పైన ఐదు అంతస్తులు. దానికీ దీనికీ సంబంధం ఏంటి??

రిటైర్డ్_ముల్లు
మీ డాబా మీద ట్యాంకే మీ టెస్టర్. ఒక మీటరు ఎత్తు నీళ్లు అంటే 1.42 పీఎస్ఐ, ఎక్కడైనా అంతే, ఏ కంపెనీ తయారు చేసినా అంతే. ట్యాంకు నీటి మట్టానికీ పార్కింగ్ కుళాయికీ మధ్య ఇరవై మీటర్లు ఉంటే 28 పీఎస్ఐ మీకు ఉచితంగా దొరుకుతోంది.

రెండు మీటర్ల గొట్టం, గోడలో దారాల అల్లిక ఉండి పారదర్శకంగా ఉన్నది, తీసుకోండి. ఒక కొస కుళాయికి క్లిప్పుతో బిగించండి. రెండో కొసలో పాత స్కూటర్ ట్యూబ్ నుంచి కోసిన వాల్వ్ దూర్చి దానికీ క్లిప్పు. ఆ కొస పైకి నిలబెట్టి కుళాయి తిప్పండి. లోపల చిక్కుకున్న గాలి నలిగి మూడోవంతు అవుతుంది, అంటే గొట్టంలో మూడింట రెండొంతులు నీళ్లు ఎక్కుతాయి, కంగారు పడకండి. ఎత్తు కొలవాల్సింది కుళాయి నుంచి కాదు, గొట్టంలో ఆ నీటి మట్టం నుంచి. పైన మిగిలిన గాలికే గేజ్ తగిలించాలి, గేజ్‌లోకి నీళ్లు పోకూడదు. ఆ సమయంలో ఆ లైన్లో ఎవరూ కుళాయి తిప్పకూడదు, ప్రెషర్ పంపు ఉంటే ఆపెయ్యాలి.

బెజవాడ_బుల్లెట్
ఇది నేను చదివిన వాటిలో బెస్ట్ పోస్ట్. శీనూ చెయ్యకపోతే నీతో మాట్లాడను.

గ్యారేజ్_గని
సార్ కరెక్టే చెప్పారు గానీ మా గ్యారేజ్ సింగిల్ ఫ్లోర్ 😅 ఆరు పీఎస్ఐ కూడా రాదు.

కరీంనగర్_కుర్రోడు
మా ఊర్ల వాటర్ ట్యాంక్ ఉన్నది పెద్దది. సర్పంచ్‌ని అడగాలె.

స్టెప్నీ_శీను
చేశాను!!! ఆదివారం మధ్యాహ్నం మూడింటికి, అందరూ పడుకున్నాక. దారానికి రాయి కట్టి డాబా మీద నుంచి దింపి టేపుతో కొలిచా. ట్యాంకు దిమ్మె, అందులో నీళ్లు అన్నీ కలుపుకుని గొట్టంలో నీటి మట్టం నుంచి 19.8 మీటర్లు. అంటే 28.2 పీఎస్ఐ రావాలి.

నా పంపు (ఆపి, ఊరికే తగిలించి): 26
పంక్చర్ షాపు పెన్సిల్ గేజ్ (బతిమాలి ఒక గంట అప్పు తెచ్చా): 30
కొత్తగా కొన్న ముల్లుది, 60 వరకు ఉన్నది, రాణిగంజ్‌లో 650కి: 28

అంటే నా పంపు రెండు తక్కువ చెప్తోంది, షాపు ఆయనది రెండు ఎక్కువ. కొత్త గేజ్ పట్టుకుని ఆ బంకుకే వెళ్లా. టైరుకి నా గేజ్ పెడితే 34, వాళ్ల మిషన్ 34. నాలుగు టైర్లకీ అరకి మించి తేడా లేదు. నేను ఇన్నాళ్లూ తిట్టిన బంకు ఒక్కటే నిజం చెప్పింది 🙏 పైన మొదటి పోస్టులో దండగ అన్న మాట వెనక్కి తీసుకుంటున్నా.

గ్యారేజ్_గని
లెక్క కుదిరింది చూడు. రాత్రి వేడి మీద 33, పొద్దున 31, నీ పంపు 29 అంది. నువ్వు 33 అనుకుని 35 కొట్టావ్, రోడ్డు మీద 37 అయింది, ఆయన గేజ్ 39 అంది. టైరు అబద్ధం చెప్పలేదు, ఆ రెండే చెప్పాయి.

డాలస్_దొర
పంపు పారెయ్యకు. దాని మీద మార్కర్‌తో "రెండు కలుపుకో" అని రాసుకో. ఎప్పుడూ ఒకేలా రెండు తక్కువ చెప్పే గేజ్ మంచి గేజే, ఒకరోజు ఎక్కువ ఒకరోజు తక్కువ చెప్పేదే పారెయ్యాలి.

లారీ_రాయుడు
ఆ షాపాయనకి చెప్పినావా రెండు ఎక్కువ చూపిస్తోందని?

స్టెప్నీ_శీను
చెప్పా అన్నా. "నీళ్ల ట్యాంకుతో గాలి కొలిచావా" అని నా వంక ఒక చూపు చూసి, పక్కనున్న కుర్రాడికి కూడా చెప్పి నవ్వాడు.

రిటైర్డ్_ముల్లు
శీను గారూ, బాగా చేశారు. ఒక్క సందేహం. ట్యాంకులో నీటి మట్టం పైకెక్కి చూశారా, నిండుగా ఉందని అనుకున్నారా?

స్టెప్నీ_శీను
...అనుకున్నా. పొద్దున మోటారు వేశారు కదా అని. ఆగండి వెళ్తున్నా.

బెజవాడ_బుల్లెట్
😂😂😂

స్టెప్నీ_శీను
చూశా. నిండుకి 40 సెంటీమీటర్లు తక్కువుంది. కానీ ఇది ఇవాళ్టి సంగతి, ఆదివారం ఎంతుందో మరి.

రిటైర్డ్_ముల్లు
అంతే ఉందనుకున్నా తేడా అర పీఎస్ఐ పైన కొంచెం, 27.6 అవుతుంది. మీ కొత్త గేజ్ 28 అంది. గీతల మధ్య కంటితో చదివేదానికి అంతకంటే అడగకూడదు.

స్టెప్నీ_శీను
హమ్మయ్య. ఇంకో చిక్కు వచ్చింది, డాబా మీద నుంచి దారం దింపడం వాచ్‌మన్ చూసి సెక్రటరీకి చెప్పాడట, ఫ్లాట్ 402 ఆయన బిల్డింగ్ ఎత్తు కొలిపిస్తున్నాడు, ఇంకో ఫ్లోర్ వేస్తారేమో అని. సాయంత్రం మీటింగ్ పెట్టారు. గేజ్ పట్టుకుని వెళ్లాలా, గొట్టం కూడా తీసుకెళ్లాలా?

యాక్టివా_అక్క
గొట్టం కూడా తీసుకెళ్లు. అక్కడే నా స్కూటీ గేజ్ కూడా చూసి పెట్టు, పంపిస్తా.